మునిగిన బండి: కొంత షెడ్డులో, కొంత కాగితాల మీద

బండి 2018 ఆగస్టులో రిజిస్టరైన వ్యాగనార్. పెట్రోలు, 998 సీసీ, చేత్తో వేసే గేర్లు. ఉండేది చెన్నై వేళచ్చేరిలో, మా అపార్ట్‌మెంటు కింద స్తంభాల మధ్య. మిగ్‌జాం తుపాను నీటిలో సీట్ల మట్టం దాకా మునిగింది. దాన్ని తిరిగి రోడ్డెక్కించడం ఒక పని. అందుకైన ఖర్చులో బీమా కంపెనీ ఇవ్వవలసింది రాబట్టడం ఇంకో పని. మొదటి దానికి పానాలు కావాలి, రెండో దానికి ఫైలు కావాలి. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడిచాయి కాబట్టి ఒకే చోట రాస్తున్నాను.

డిసెంబర్ 7, 2023

నీరు ఈ ఉదయానికి చక్రాల కిందికి దిగింది. వేళచ్చేరికి నీరు రావడం తేలిక, పోవడమే కష్టం. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరు పళ్లికరణై చిత్తడి నేలకు చేరాలి, అక్కడి నుంచి ఒక్కియం మడుగు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడాలి, ఆపైన కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. దారి పొడవునా ఇళ్లు, ఆఫీసులు, రోడ్లు అడ్డం. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు ఎటూ కదలదు. 3, 4 తేదీల్లో కురిసిన వానకు విమానాశ్రయమే మూతపడింది. తుపాను మాత్రం 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడున్న మా అక్క ఫోను చేసి, "మీ ఊళ్లో స్నానం చేసి మా ఇంటికి వచ్చిందిరా" అంది.

మొదటి ఫోను మేస్త్రిగారికి చేశాను. ఆయన నాయుడుపేట వైపు మనిషి. ముప్పై ఏళ్లకు పైగా మడిప్పాక్కంలో షెడ్డు నడుపుతున్నారు. షెడ్డులో కుర్రాళ్లంతా తమిళులు. ఆయన తెలుగులో తిడతారు, వాళ్లు తమిళంలో సమాధానం చెబుతారు, పని మాత్రం ఎక్కడా ఆగదు. 2015 డిసెంబర్ వరదలో మునిగిన బళ్లను బాగుచేసిన చెయ్యి కాబట్టి నేను ఇంకెవరినీ అడగలేదు.

"తాళం చెవి ఇంట్లోనే పెట్టి కిందికి దిగు బాబూ. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదియ్యి. ఇంకేమీ ముట్టుకోవద్దు" అన్నారు.

తాళం తిప్పకూడదనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి యంత్రానిది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండరులో నీరుండగా సెల్ఫ్ కొడితే పైకి వచ్చే పిస్టను ఆ నీటికి తగిలి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అక్కడితో ఇంజిన్ విప్పవలసిందే. రెండోది పాలసీది. దెబ్బతిన్న బండిని బాగుచేయించకుండా నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదేనని షరతుల్లో స్పష్టంగా ఉంటుంది. మా పక్క బ్లాకులో ఒకాయన నీరు తగ్గీ తగ్గకముందే సెల్ఫ్ కొట్టారు. ఠక్కుమని ఒక చప్పుడు వచ్చి బండి మూగపోయింది. ఆయన ఇంజిన్ క్లెయిము సంగతి ఏమవుతుందో వినకముందే ఊహించవచ్చు.

బ్యాటరీ వైరు తీశాక చీపురు పట్టుకోలేదు, ఫోను పట్టుకున్నాను. కడగక ముందు తీసిన ఫొటోకు ఉన్న విలువ కడిగిన తరువాత తీసిన వంద ఫొటోలకు ఉండదు. నాలుగు తలుపుల లోపలి అట్టల మీద బురద గీసిన గీత ఒకే ఎత్తులో ఉంది. ఆ గీత పక్కన టేపు నిలబెట్టి తీశాను. నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, గ్లోవ్ బాక్సు, డిక్కీలో స్టెప్నీ గుంట నిండా నీరు, అన్నీ తీశాను. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే దాని మీద కూడా గీత ఉంది. పాత బండి కొనేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. సీట్లు మారుస్తారు, తివాచీ మారుస్తారు, బెల్టు కొస దాకా లాగి చూసేవాళ్లు ఉంటారని మాత్రం అనుకోరు.

క్లెయిము ఫోనులోనే నమోదు చేసి నంబరు తీసుకున్నాను. నమోదైన 72 గంటల్లో సర్వేయరును, అంటే నష్టం చూసి లెక్కగట్టే మనిషిని, నియమించాలన్నది అప్పటి నిబంధన. ఊరంతా మునిగిన వారంలో అది ఎంతవరకు సాగుతుందో చూడాలి.

డిసెంబర్ 9

బండిని లారీ మీదికెక్కించి కంపెనీ అధీకృత వర్క్‌షాపుకు చేర్చారు. వరద రేటు 4,500 రూపాయలు. ప్రైవేటు కారుకు బీమా ఇచ్చే లాగుడు ఖర్చు 1,500 దాటదు. అదే పాలసీ పత్రంలో ఇంకో వాక్యం ఉంది. అంచనా 500 రూపాయలు మించకపోతే కంపెనీని అడగకుండా యజమాని స్వయంగా రిపేరు చేయించుకోవచ్చట. ఈ రోజుల్లో 500 రూపాయలకు కారులో ఏ రిపేరు జరుగుతుందో ఆ వాక్యం రాసినవాళ్లే చెప్పాలి.

వర్క్‌షాపు ఆవరణలో బురద పట్టిన కార్లు వరుసగా నిలబడి ఉన్నాయి. అందులో సగం వాటి బానెట్ ఎవరూ ఇంకా ఎత్తనేలేదు.

డిసెంబర్ 13

ఎస్టిమేటు వచ్చింది: 2,31,000. బండి ఐడీవీ, అంటే పాలసీలో రాసుకున్న విలువ, 2,75,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయడం దండగని, లెక్కగడతారు. నా బండికి ఆ గీత 2,06,250 దగ్గర ఉంది. ఎస్టిమేటు దాన్ని హాయిగా దాటేసింది. ఇంజిన్ విప్పి సరిచేయడం, వైరింగు మొత్తం కొత్తది, సీట్లు కొత్తవి, డ్యాష్‌బోర్డు కొత్తది అని రాశారు. ఇంజిన్‌లో నీరు చేరిందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు. డిప్‌స్టిక్ మీద దుమ్ము అలాగే ఉంది.

టోటల్ లాస్ తీసుకోవడం తప్పేమీ కాదు. ఇంజిన్ నీరు తాగిన బండి అయితే నేనూ అదే తీసుకొని చేతులు దులుపుకొనేవాణ్ని. కానీ తాళం తిప్పని బండి ఇది, దాని లోపల ఏముందో చూడకుండా స్క్రాపుకు పంపడం నాకు నచ్చలేదు. బయటి షెడ్డులో చేయించుకొని బిల్లులు పెడతానని కంపెనీకి ఈ-మెయిల్ రాశాను. ఒప్పుకున్నారు, మూడు షరతులతో: సర్వేయరు షెడ్డుకు వచ్చి మళ్లీ చూసేదాకా విప్పిన సామాను కదలకూడదు, మార్చిన పాత భాగాలు పారేయకూడదు, కొత్త భాగాలకు నా పేరు మీద బిల్లులుండాలి. షెడ్డు దాకా రెండో లాగుడు 2,000. అది నా ఖర్చు.

డిసెంబర్ 16, 17

శని, ఆదివారాలు షెడ్డులోనే గడిచాయి.

ముందుగా ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పాం. ఇంజిన్ లోపలికి గాలితోపాటు నీరు పోవాలంటే ఆ దారిన పోవాలి. కాగితం పొడిగా ఉంది. మేస్త్రిగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, "ఇదిగో, దీనికి దండ వెయ్యి" అన్నారు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తన రంగులోనే ఉంది. నీరు కలిస్తే పాలు పోసిన కాఫీలా కనిపించేది. అయినా ఆయిల్ మొత్తం దించేశాం. మూడు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం ఆయిల్ చిలకరించి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాం. ఎక్కడా పట్టలేదు, ప్లగ్గు రంధ్రాల్లోంచి నీటి చుక్క రాలేదు.

గేర్‌బాక్సులో మాత్రం గేర్ ఆయిల్ తెల్లగా చిక్కగా దిగింది. అది గేర్‌బాక్సు తల మీద గాలి ఆడడానికి ఉన్న చిన్న బ్రీదరు రంధ్రం పని. బురదనీటిలో రోజుల తరబడి ఉంటే నీరు అటునుంచే లోపలికి పోతుంది. కడిగి, నింపి, కొంత నడిపిన తరువాత మళ్లీ మార్చాలి.

పెట్రోలు ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి కొంచెం దించి కిటికీ దగ్గర పెట్టాం. కాసేపట్లో రెండు పొరలుగా విడిపోయింది. పెట్రోలు కంటే నీరు బరువు కాబట్టి కింద ఉంటుంది, ఇది అందరికీ తెలిసినదే. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. ఇథనాల్‌కు పెట్రోలు కంటే నీటితోనే స్నేహమెక్కువ, నీరు ఒక మోతాదు దాటగానే పెట్రోలును వదిలి నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. అందుకే కింది పొర అనుకున్నదానికంటే మందంగా ఉంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేశాం.

వెనక చక్రాల డ్రమ్ములు రాలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి వదిలిన బండి, షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కున్నాయి. సుత్తితో చుట్టూ తట్టితే విడిపోయి, లోపలి నుంచి పలకలాంటి బురద ఊడిపడింది. లైనింగు షూ నుంచి లేచిపోయింది. రెండు వెనక బేరింగులూ గరగరమంటున్నాయి.

డిసెంబర్ 18

సర్వేయరు వచ్చారు. మర్యాదస్థుడు, తొందరలో ఉన్నారు. రోజుకు ఎన్ని బళ్లు చూస్తున్నారో ముఖం చూస్తేనే తెలిసింది. ఎయిర్ ఫిల్టరు, డిప్‌స్టిక్, డ్రమ్ములు, బేరింగులు, తివాచీ, ఏసీ బ్లోయరు మోటారు, బ్యాటరీ, హారన్లు చూసి ఫొటోలు తీసుకున్నారు. కాగితం మీద "నీటి మట్టం సీట్ల వరకు" అని రాసి నా సంతకం తీసుకున్నారు. ఆ కాగితం నకలు అప్పుడే అడిగి ఫోనులో దాచుకున్నాను. నాలుగు మాటలున్న ఆ ఒక్క వాక్యం తరువాత నాకు చాలా పనికొచ్చింది.

డిసెంబర్ చివరి వారం

లోపలి పని. సీట్లు, కన్సోల్, తివాచీ, తివాచీ కింద చప్పుడు రాకుండా వేసే మందపు దూది పొర అన్నీ బయటికి వచ్చాయి. మనుషులు పొరబడేది ఆ పొర దగ్గరే. పై తివాచీ రెండెండలకు ఆరిపోతుంది, కింద దూది నెలల తరబడి తడి పట్టుకొని కూర్చుంటుంది. రేకు కిందినుంచి తుప్పు పడుతుంది, ఏసీ వేయగానే వాసన వస్తుంది. పిండితే నల్లటి నీరు బకెట్ల కొద్దీ కారింది. దాన్ని కడిగి వాడుకోవచ్చన్నాడు ఒక కుర్రాడు. పారేయించాను. సీట్ల ఫోము మాత్రం తొడుగులు విప్పి కడిగి మేడ మీద ఎండబెట్టాం. ఇక్కడి డిసెంబర్ ఎండ అందుకు చాలు, వాన మళ్లీ రాకపోతే.

సీట్లు తీసేముందు బ్యాటరీ తీసి కాసేపు ఆగడం ముఖ్యం. సీటు కింద కనిపించే పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ముక్కలు) భద్రతా వ్యవస్థవి, కరెంటు ఉండగా వాటితో ఆడకూడదు.

ఇక కప్లర్లు. ముందు సీట్ల కింద, గుమ్మాల అంచున, డ్యాష్‌బోర్డు కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటీ విడదీసి చూశాం. ప్లాస్టిక్ ముక్క పైకి శుభ్రంగా ఉంటుంది. విడదీసి టార్చి వేస్తే, పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి. రాగి తుప్పు అది. కాంటాక్ట్ క్లీనరు కొట్టి, మెత్తటి బ్రష్షుతో గీసి, గాలి పట్టి, మళ్లీ కొట్టాం. ఒక కప్లరులో ఒక పిన్ను బ్రష్షు తగలగానే సగానికి విరిగి నా అరచేతిలో పడింది. సూది మొనంత ఉంది. అది ఎడమ వెనక తలుపు తాళానిది. వైరు కోసి కొత్త పిన్ను అతికించాం.

సెల్ఫ్ మోటారు, డైనమో రెండూ గిండీలో రీవైండింగు చేసే చోటికి వెళ్లి వచ్చాయి. విప్పి, ఆరబెట్టి, బ్రష్షులు మార్చారు. కొత్తవి కొనవలసిన అవసరం పడలేదు.

జనవరి 2024, సంక్రాంతి ముందు

ఇంజిన్ మొదటి సెల్ఫుకే అందుకుంది. షెడ్డులో కుర్రాళ్లు ఈలలు వేశారు. కానీ గేరు పడలేదు. క్లచ్ తొక్కినా తొక్కనట్టే ఉంది. గేర్‌బాక్సు దించితే క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అంటుకుపోయి ఉంది. గేరులో పెట్టి బ్రేకు తొక్కి సెల్ఫ్ కొడితే విడిపోతుందనే నాటు పద్ధతి ఒకటుంది. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. "విడిపోతుంది బాబూ, సగం లైనింగు దానికి వదిలి విడిపోతుంది" అన్నారు. కొత్త సెట్టు 5,700. ప్లేటు విప్పకముందే సర్వేయరుకు ఫొటోలతో ఈ-మెయిల్ పంపి, మళ్లీ వచ్చి చూడమని రాశాను. రాలేదు. "చేయించుకోండి, బిల్లు పెట్టండి" అని ఫోనులో చెప్పారు. ఆ సంభాషణను అదే రోజు ఈ-మెయిల్‌లో రాసి ఆయనకే పంపాను.

ఫిబ్రవరి

బండి తిరుగుతోంది. తిరిగిన కొద్దీ కొత్త రోగాలు బయటపెడుతోంది. ఒక సాయంత్రం తరమణి సిగ్నల్ దగ్గర ఎవరూ ముట్టుకోకుండానే వైపర్లు ఆడసాగాయి. తరువాత తలుపు తాళాలు వాటంతటవే పడడం, లేవడం. డ్యాష్‌బోర్డు కింద ఉండి వీటన్నిటినీ నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ విప్పితే, డిసెంబర్‌లో మేము తుడిచి పొడిగా ఉందనుకున్న బోర్డు మీద టంకం చుక్కల మధ్య తెల్లటి బూజు పాకింది. కొత్తది 9,200. ఆ తరువాత ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరనంది. దాని కంట్రోల్ మాడ్యూల్ గేర్ లివరు వెనక, కన్సోల్ అడుగున, నేలకు అంటుకొని ఉంటుంది. నీరు మొదట చేరేది అక్కడికే. అది 12,800.

ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది ఇదే. నీటి నష్టం విడతలు విడతలుగా బయటపడుతుంది, సర్వే మాత్రం ఒకసారి జరిగి ముగుస్తుంది. ఢీకొన్న బండిలో నష్టం ఆ రోజే కళ్లెదుట కనిపిస్తుంది కాబట్టి ఆ పద్ధతి సరిపోతుంది. మునిగిన బండికి అదే కొలబద్ద పెడితే, మొదటి వారంలో కనిపించినది వరద నష్టం, ఆరో వారంలో కనిపించినది మామూలు చెడిపోవడం అయిపోతుంది. తుప్పుకు సర్వేయరు తేదీలతో పని లేదు.

ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ ధర విని షెడ్డులో ఒక కుర్రాడు పుదుప్పేటకు వెళ్దామన్నాడు. ఎగ్మూరు దగ్గర ఆ వీధులు చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. తలుపులు తలుపులుగా, అద్దాలు అద్దాలుగా, సీట్లు సీట్లుగా విడిపోయిన కార్లు మేడల ఎత్తున పేర్చి ఉంటాయి. ఏ మోడలు పేరు చెప్పినా సామాను పది నిమిషాల్లో చేతికి వస్తుంది. వెనక సీటు పట్టీ, స్పీకరు జల్లెడ, డిక్కీ అట్ట అక్కడే తెచ్చాను. కానీ ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను పాత సామాను దుకాణంలో కొనను. ఢీకొన్న బండిలోంచి వచ్చిందో, మునిగిన బండిలోంచి వచ్చిందో చెప్పేవాళ్లుండరు. అది పనిచేస్తుందో లేదో తెలిసే రోజున తెలుసుకొని లాభం ఉండదు. పైగా బీమాకు పెట్టడానికి బిల్లూ రాదు.

ఫిబ్రవరి చివర

కంపెనీ లెక్క వచ్చింది: 24,500.

నా లెక్క ఇది. కొత్త భాగాలు 51,200. ఇందులో తివాచీ 6,500, బ్యాటరీ 4,500. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ సామానుకూ బ్యాటరీకీ తరుగుదల 50 శాతం, కాబట్టి వాటికి వచ్చేది 5,500. మిగతా 40,200కు తరుగుదల బండి వయసును బట్టి. అయిదేళ్లు దాటి పదేళ్లలోపు బండికి 40 శాతం పోతుంది, 24,120 వస్తుంది. కూలీ 22,000, దానికి తరుగుదల లేదు. లాగుడు 1,500. ఇందులోంచి 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా కోసే 1,000 తీసేస్తే 52,120. ఆయిళ్లు, కూలెంటు, బ్రేక్ ఆయిల్ కలిపి 6,100 అయింది. వినియోగ వస్తువులకు విడిగా ప్రీమియం కట్టని పాలసీలో అవి రావు కాబట్టి నేను అడగనేలేదు. తరుగుదల కోయని పాలసీ అయిదేళ్ల దాకానే తీసుకున్నాను, అది ఆగస్టులో ముగిసింది. వరద డిసెంబర్‌లో వచ్చింది.

వాళ్లు కోసినవి: బాడీ కంట్రోల్ మాడ్యూల్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, క్లచ్, సగం కూలీ. మొదటి రెండింటికీ కారణం "యాంత్రిక, విద్యుత్ వైఫల్యం పాలసీ పరిధిలో లేదు". క్లచ్‌కు "అరుగుదల". కూలీకి "షెడ్డు రసీదులో జీఎస్టీ నంబరు లేదు".

మార్చి

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాను. ఉత్తరం చిన్నదిగానే ఉంచాను. కోపమంతా మొదటి చిత్తుప్రతిలో తీర్చుకొని, రెండో దాంట్లో వాస్తవాలు మాత్రమే పెట్టాను.

పాలసీలో మొదటి విభాగం వరద, తుపాను, ముంపు వల్ల కలిగే నష్టాన్ని పేరు పెట్టి ఒప్పుకుంటుంది. మినహాయింపుల్లో ఉన్న విద్యుత్ వైఫల్యం అంటే బయటి కారణం లేకుండా దానంతటది చెడిపోవడం. నీటిలో మునిగిన బోర్డు తుప్పుపట్టడం అది కాదు. ఇక ఆ బోర్డు మునిగిందా అంటే, సర్వేయరు తన చేత్తో నీటి మట్టం సీట్ల వరకు అని రాశారు. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ నేల మీద ఉంటుంది. సీటు తడిసి నేల తడవకుండా ఉండే కారు ఇంకా తయారుకాలేదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఎత్తు టేపుతో కొలిచి, తలుపు మీది గీత ఫొటో పక్కన పెట్టాను. గీత కంటే అది కిందనే ఉంది. కూలీ విషయంలో, ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు సేవలందించే చిన్న వ్యాపారికి జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదని, సంతకం పెట్టిన రసీదు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారం జతచేశాను.

సమాధానంగా పాత ఉత్తరమే కొత్త తేదీతో వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడి నుంచి అది మళ్లీ కంపెనీకే వెళ్లింది, కంపెనీ మళ్లీ అదే మాట చెప్పింది. అయినా ఆ మెట్టు ఎక్కడం వృథా కాదు, ఫైలులో తేదీలు గట్టిపడతాయి.

ఏప్రిల్ నుంచి ఆగస్టు

బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం తేనాంపేటలో అన్నాసాలై మీద ఉంది. తమిళనాడు, పుదుచ్చేరి పట్టణం, కారైకాల్ పాలసీదారులంతా అక్కడికే రావాలి. రుసుము లేదు, వకీలును పెట్టుకోవడానికి వీల్లేదు, మన మాట మనమే చెప్పుకోవాలి. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. నేను అడిగే తేడా 27,620 ఆ గదిలో చాలా చిన్నగా కనిపించి ఉంటుంది.

విచారణ రోజున కంపెనీ తరఫున వచ్చిన అధికారికి బండి గురించి ఏమీ తెలియదు, ఫైలు తెలుసు. నాకు రెండూ తెలుసు, కాబట్టి భయపడలేదు. నీటి మట్టం వాక్యం ఉన్న కాగితం ముందు పెట్టాను. ఆ తరువాత రెండు మాడ్యూళ్ల గురించి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. క్లచ్ దగ్గర మాత్రం పట్టుబట్టారు. 60 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో క్లచ్ ప్లేటు ఎలాగూ మార్చవలసిన దశకు వస్తుందని, ఎంత అరుగుదలో ఎంత తుప్పో విడదీయలేమని వాదించారు. ప్లేటు మందం వెర్నియర్‌తో కొలిచిన ఫొటో నా దగ్గరుంది, రివెట్ల మీద లైనింగు ఇంకా బాగా ఉంది. సరిపోలేదు.

తీర్పు ఆగస్టులో వచ్చింది. రెండు మాడ్యూళ్లూ ఇవ్వాలి, కూలీ పూర్తిగా ఇవ్వాలి, క్లచ్ ఇవ్వనక్కరలేదు. మొత్తం 48,700. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలుచేయాలి, గడువు లోపలే డబ్బు ఖాతాలో పడింది. క్లచ్ మీద పోయిన 3,420 గురించి మేస్త్రిగారికి చెబితే, "అది తుప్పని నీకు తెలుసు, నాకు తెలుసు. పోనీలే, ఫ్లైవీలుకు కూడా తెలుసు" అన్నారు.

మొత్తం ఖర్చు, రెండు లాగుళ్లతో కలిపి, 85,800. వచ్చింది పోగా నా జేబులోంచి 37,100.

ఆగస్టు 2024, పాలసీ పునరుద్ధరణ

క్లెయిము చేయకముందు నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఉండేది. ఇప్పుడు సున్నా. చిన్న గీతలకు, సొట్టలకు క్లెయిము చేసేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. బోనస్ మళ్లీ 20, 25, 35, 45, 50 మెట్ల మీద ఎక్కాలి. సొంత నష్టానికి కట్టే ప్రీమియం ఏటా ఒకేలా ఉందనుకుంటే, ఏటా కోల్పోయే భాగం 50, 30, 25, 15, 5 శాతం. కూడితే 125 శాతం, అంటే తగ్గింపు లేని ఒక ఏడాది ప్రీమియానికి ఒకటింపావు రెట్లు. నా పాలసీలో ఆ ప్రీమియం 5,200, కాబట్టి ఈ క్లెయిము వల్ల నాకు పోయేది 6,500. వచ్చిన 48,700 ముందు అది పెద్దది కాదు. నాలుగు వేల బంపరు సొట్టకయితే క్లెయిము చేయడం దండగ.

ఇంజిన్‌కు విడిగా రక్షణ ఇచ్చే అనుబంధం కోసం అడిగాను. నేను అడిగిన కంపెనీల్లో ఒక్కటే ఈ వయసు బండికి ఇస్తానంది, ముందు బండిని తనిఖీ చేసి. తీసుకున్నాను. వేళచ్చేరిలో ఉంటూ అది లేకుండా ఉండడం నాకు సమ్మతం కాదు.

అక్టోబర్ 2024

భారీ వర్ష సూచన రాగానే వేళచ్చేరి ఫ్లైఓవరు మీద జనం రెండు వైపులా కార్లు నిలిపేశారు. పోలీసులు జరిమానాలు వేస్తున్నారని ప్రచారం జరిగింది, వేయడం లేదని పోలీసులు చెప్పారు. మా బండి కూడా ఆ వరుసలోనే ఉంది. పక్క బ్లాకు ఆయన ఈసారి నాకంటే ముందే వచ్చి మలుపు దగ్గర మంచి చోటు పట్టుకున్నారు. ఆయన ఇంజిన్ క్లెయిము తిరస్కరించారు. కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఉంది.

మిగిలిన పని: ఎడమ వెనక తలుపు అద్దం సగం దిగి ఆగిపోతోంది. మోటారులో బ్రష్షులు అరిగాయో, కప్లరులో మళ్లీ ఆకుపచ్చ పొడి పట్టిందో తలుపు అట్ట విప్పితేనే తెలుస్తుంది. ఆ అట్ట విప్పిన ప్రతిసారీ ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి. జీపీ రోడ్డులో ఒక పొట్లం కొని డిక్కీలో వేసి ఉంచాను. దీపావళి సెలవుల్లో చూడాలి.